దప్పళంలో పడ్డ డబ్బా

ఆ ఉదయం మూడో కిటికీకి వచ్చిన నాలుగో డబ్బాను తాయారు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పదిహేడేళ్లుగా ఏ డబ్బా వచ్చినా ఆమె ముందు చేసే పని అదే. పరీక్ష యంత్రం అరగంట తంటాలుపడి చెప్పే సంగతిని ముక్కు అరనిమిషంలో చెప్పేస్తుంది. కాలిన వాసన వస్తే కరెంటు పోటెత్తి చచ్చిందని, నాచు వాసన వస్తే వరదలో మునిగిందని, అగరొత్తుల వాసన వస్తే ఇంట్లోవాళ్లు దానికి వారం రోజులు పూజ చేసి, లాభం లేక ఇక్కడికి తెచ్చారని.

ఈ డబ్బా చింతపండు వాసన వేసింది. ఆమె మళ్లీ చూసింది. చింతపండు, బెల్లం, వెనకాల సన్నగా ఇంగువ.

“దప్పళమండి,” అన్నాడు కిటికీ అవతల కుడివైపు నిల్చున్న ముసలాయన.

“ఉప్పు దప్పళమండి,” అన్నాడు ఎడమవైపు నిల్చున్న ముసలాయన.

“నువ్వు నోరు మూసుకోరా.”

“ఆ రోజు నువ్వు ఉప్పు జాడీ మూసుంటే, ఈ రోజు నేను నోరు మూసుకుందునురా!”

కిటికీ పైనున్న జల్లెడలోంచి పర్యవేక్షి గొంతు వినిపించింది. కాకినాడ ఉద్ధరణ కేంద్రంలో ఆ గొంతే పై అధికారి. దానికి ఒళ్లూ కాళ్లూ లేవు. తయారుచేసినవాళ్లు దానికి పాత దస్తావేజులు చదివించి మాటలు నేర్పారట. అందుకని ముప్ఫై ఏళ్లు గడిచినా శాసనం చదువుతున్నట్టే మాట్లాడుతుంది.

“వివాద సంఖ్య ఏడు వందల పన్నెండు. ఉభయ కక్షిదారులు హాజరైనారు. జిల్లాయందు అపరిష్కృతముగా మిగిలియున్న వివాదము ఇది ఒక్కటియే. మూడు దినములలో సాక్ష్యము ఉద్ధరింపబడవలెను.”

“చూద్దాం,” అంది తాయారు, డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ.

“చూచుట కాదు. ఉద్ధరించుట.”

లోపరాహిత్య చట్టం వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లు. అప్పట్నించీ రాష్ట్రంలో ఏ సమాచారమూ పోలేదు, పోవడానికి వీల్లేదు. చూసిందీ విన్నదీ దాచుకునే ఏ డబ్బా ఎక్కడ మొరాయించినా ఉద్ధరణ కేంద్రానికి తేవాలి. అక్కడ దాన్ని విప్పి, కడిగి, బతిమాలి, లోపలున్నదంతా బయటికి లాగి ఏకనిధిలో కలపాలి. ఏకనిధిలో ఉన్నది ఎవరైనా తీసి చూపించొచ్చు. అది వచ్చాక మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకోవడం దాదాపు మానేశారు. అన్న మాటా అనని మాటా తేదీతో సహా ఎదుటివాళ్లు తీసి చూపిస్తుంటే దెబ్బలాటలో రుచేముంటుంది?

తాయారు పదకొండు వేల పైచిలుకు డబ్బాలు తెరిచింది. ఒక్కటీ పోనివ్వలేదు. ఆమె కుర్చీ వెనక గోడమీద ‘నూరు శాతం’ అని ఇత్తడి పలక ఉంది. దాని సంగతి ఆమె తనంతట తాను ఎత్తదు. కాకపోతే పలకని రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది. ఎవరూ అడక్కపోతే, కిటికీ ముందున్నవాళ్లకి అది కనబడేలా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటుంది.

ఆమె దరఖాస్తు తెరిచింది. కుడివైపు ఆయన బుల్లబ్బాయి, ఎడమవైపు ఆయన సత్తిరాజు. ఇద్దరికీ డెబ్బై రెండేళ్లు. ఇద్దరూ వంట మేస్త్రీలు. ముప్ఫై ఏళ్లు ఒకే పొయ్యి దగ్గర కలిసి వండారు. పందొమ్మిదేళ్లుగా విడిపోయి ఉన్నారు.

“ఏం జరిగింది బాబాయిగారూ? ఒక్కళ్లే చెప్పండి,” అంది.

ఇద్దరూ చెప్పారు. అవతలివాడి మాటలు తీసేసి, ఇవతలివాడి తిట్లు తీసేస్తే మిగిలింది ఇది. రామచంద్రపురంలో ఒక పెళ్లి. పన్నెండు వందల విస్తళ్లు. గుమ్మడికాయ దప్పళంలో ఎవరో రెండోసారి ఉప్పేశారు. వీళ్ల పద్ధతిలో వడ్డనకి ముందు రుచి చూడరు, ఎంగిలని, వాసనే కొలత. ఉప్పుకి వాసన లేదు. మొదటి ముద్దకే మగపెళ్లివారు విస్తళ్లముందు నుంచి లేచిపోయారు. నువ్వంటే నువ్వని మేస్త్రీలిద్దరూ గంగాళం పక్కనే కలియబడ్డారు. ఆ తోపులాటలో, వంటసాలల్లో చట్టప్రకారం వేలాడదీసే సాక్షి డబ్బా ఊడి ఆ దప్పళంలోనే పడింది.

“మరి పందొమ్మిదేళ్లూ దీన్ని ఎవరూ తేలేదేంటి?”

“నా అటకమీద ఉందండి,” అన్నాడు బుల్లబ్బాయి. “ఎవరూ అడగలేదండి.”

“నేనడిగాను!” అన్నాడు సత్తిరాజు. “రోజూ అడుగుతున్నాను. పొద్దున్నే ఏడింటికల్లా వీడి గేటు దగ్గరికెళ్లి, ‘ఉప్పేశావురా’ అని అడిగి మరీ ఇంటికెళ్లి కాఫీ తాగుతున్నానండి.”

“రోజూనా?”

“ఆదివారం ఎనిమిదింటికండి,” అన్నాడు బుల్లబ్బాయి.

తేలితే ఏమవుతుందో పర్యవేక్షి చదివి వినిపించింది. దోషి ఎవరైతే వారి వంట లైసెన్సు మీదా, ఇంటి గుమ్మం పలక మీదా ‘లవణ దోషి’ అనే ముద్ర శాశ్వతంగా పడుతుంది. దారినపోయే ఎవరికైనా కనబడుతుంది. చచ్చిపోయినా పేరు పక్కన ఉంటుంది. ఇద్దరు ముసలాళ్లూ ఒక్కసారి గుటక మింగారు. అది తాయారు గమనించింది కానీ, అప్పటికి ఆమె ధ్యాస డబ్బా మీదే ఉంది.

*

డబ్బా విప్పేసరికి లోపల ఉప్పు పెచ్చులు కట్టి ఉంది. చూసిందంతా అచ్చుపడే పళ్లెం చుట్టూ నల్లటి చింతపండు పొర, దానిమీద మిణుకుమనే ఉప్పు గళ్లు. చదివే సూది ఒక మెంతిగింజకి అతుక్కుపోయి ఉంది. కరెంటు పెడితే డబ్బా ఒకసారి ‘టిక్కు’మని ఊరుకుంది. యంత్రం అది అసలు ఉన్నట్టే ఒప్పుకోలేదు.

తాయారు కంగారుపడలేదు. కొత్తగా చేరినవాళ్లు డబ్బా పలక్కపోతే పదే పదే కరెంటిచ్చి చంపేస్తారు. ఆమె అలా చేయదు. శుద్ధజలం నాలుగుసార్లు మార్చి పళ్లేన్ని ఓపిగ్గా నానబెట్టింది. మెంతిగింజని చిమటాతో తీసి కాగితం మీద పెట్టింది. సూది మార్చింది. మధ్యాహ్నానికి డబ్బా మూలిగింది. ఉన్నానని ఒప్పుకుంది.

“నమూనా పదార్థము తెలుపుము,” అంది పర్యవేక్షి.

“దప్పళం.”

“పట్టికయందు వరద నీరు, ఉప్పు నీరు, మురుగు నీరు, కన్నీరు కలవు. దప్పళము లేదు.”

“ఉప్పు నీరు అని రాసుకో.”

అసలు కష్టం అక్కడ మొదలైంది. డబ్బా ఇద్దరి పేరున ఉంది. దాని కావలి పొర జంట ముద్రకి తప్ప తెరుచుకోదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బొటనవేళ్లు ఒకే రేకు మీద పెట్టి నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. పైగా నాడి చూస్తుంది. ఎవరినో బెదిరించి వేలు పెట్టిస్తున్నారేమోనని ఆ ఏర్పాటు. ఇద్దరిలో ఎవరి నాడి ఎనభై ఐదు దాటినా కావలి టప్పున మూసుకుంటుంది, లెక్క మొదటికొస్తుంది.

మొదటిరోజు వాళ్లు కూర్చున్న నాలుగో నిమిషానికే మూసుకుంది. సత్తిరాజు తుమ్మితే, అది తనమీదే తుమ్మాడని బుల్లబ్బాయి అన్నాడు.

“ఏదైనా మంచి సంగతి మాట్లాడుకోండి,” అంది తాయారు.

వానల గురించి మాట్లాడుకున్నారు. సముద్రం జగన్నాథపురం దాకా వచ్చింది ఏ ఏడన్న దగ్గర నాడి తొంభై దాటింది. మాట్లాడకుండా కూర్చోమంది. మౌనంగా కూర్చుంటే ఇంకా తొందరగా పెరిగింది, ఇద్దరూ లోపల్లోపల తిట్టుకుంటున్నారు కాబోలు. మధ్యలో తెర పెట్టింది. తెర వెనక వాడేం మొహం పెడుతున్నాడోనని ఇద్దరికీ ఆరాటం. సాయంత్రానికి పద్నాలుగుసార్లు మూసుకుంది.

“శాంతి గీతములు వినిపింపనా?” అని అడిగింది పర్యవేక్షి.

“వద్దండి బాబూ,” అన్నారిద్దరూ ఒక్కసారే. ఆ రోజుకి వాళ్లు ఏకాభిప్రాయానికొచ్చింది అదొక్కటే.

*

రెండోరోజు తాయారు భోజనం డబ్బా తెచ్చుకుంది. ఆ రోజు పదకొండో ప్రయత్నం మధ్యలో ఆకలి ఆగక మూత తీసింది. సత్తిరాజు ముక్కు ఎగబీల్చాడు.

“పనసపొట్టు కూరా అమ్మా అది?”

“అవునండి. నేనే చేశాను.”

“ఆవ ముందే పెట్టేశావు,” అన్నాడు సత్తిరాజు జాలిగా.

“వేడిమీద పెట్టేసింది,” అన్నాడు బుల్లబ్బాయి, అంతే జాలిగా. “చేదెక్కుతుందమ్మా.”

తాయారుకి చిన్నతనంగా అనిపించి ఏదో అనబోయింది. అంతలో నాడి పలక కనబడింది. డెబ్బై ఆరు, డెబ్బై నాలుగు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది.

“అయితే ఎలా చేయాలో చెప్పండి,” అంది మెల్లగా. “మొదట్నించీ. తొందరేం లేదు.”

“కాయ లేతగా ఉండాలమ్మా,” అని మొదలెట్టాడు బుల్లబ్బాయి.

“చేతికి నూనె రాసుకోవాలి,” అన్నాడు సత్తిరాజు.

“కత్తికి కూడా.”

“కత్తికి కూడా. పొట్టు మరీ సన్నంగా కొట్టకూడదు.”

“ముద్దయిపోతుంది.”

“పసుపేసి ఉడికించి, వార్చి, గుడ్డలో వేసి పిండాలి. గట్టిగా కాదు.”

“పసిపిల్లకి తల తుడిచినట్టు,” అన్నాడు బుల్లబ్బాయి. సత్తిరాజు తలూపాడు. అతనికి తెలీకుండానే భుజం బుల్లబ్బాయి భుజానికి ఆనింది.

శనగపప్పు ఎర్రబడింది, మినప్పప్పు ఎర్రబడింది, జీడిపప్పు చివర్న పడింది. ఒకరు మొదలెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. ముప్ఫై ఏళ్లు ఒకే పొయ్యి ఊదినవాళ్లకి ఊపిరి కూడా ఒకే కొలతకి అలవాటుపడుతుందేమో. నాడులు రెండూ డెబ్బైకి దిగాయి. ముప్ఫై రెండు నిమిషాలు గడిచాయి. ముప్ఫై మూడు.

“పులుసు పోశాక...” అన్నాడు సత్తిరాజు.

“పోశాక...” అన్నాడు బుల్లబ్బాయి.

ఇద్దరూ ఆగిపోయారు. పులుసు పోశాక పడాల్సింది ఏమిటో వాళ్లకీ తెలుసు, తాయారుకీ తెలుసు. నాడి డెబ్బై ఎనిమిది అయింది. ఎనభై ఒకటి. ఎనభై నాలుగు.

“తగినంత,” అన్నాడు బుల్లబ్బాయి, రేకు వైపే చూస్తూ.

సత్తిరాజు కూడా రేకు మీదే చూపు నిలిపి, “ఆఁ. తగినంత,” అన్నాడు.

ఆవ చల్లారాకే పెట్టారు. నలభయ్యో నిమిషంలో కావలి పొర చప్పుడు లేకుండా తెరుచుకుంది.

బుల్లబ్బాయి మంచినీళ్లకి లేచి వెళ్లగానే సత్తిరాజు కిటికీలోకి వంగాడు. గొంతు బాగా తగ్గించాడు.

“అమ్మా, అందులో ఒకవేళ... నేనే వేసినట్టు ఉంటే?”

“మీరెందుకు వేస్తారు బాబాయిగారూ? ఆయనే వేశారని పందొమ్మిదేళ్లుగా చెప్తున్నారుగా?”

“చెప్పానమ్మా. గట్టిగా చెప్పాను. ఈమధ్య రెండు మూడేళ్లుగా పొద్దున్నే వాడి గేటుకెళ్తుంటే దారిలో అనుమానం పట్టుకుంటోంది. ఆ రోజు మగపెళ్లివారొచ్చారని ఎవరో పిలిస్తే మధ్యలో వెళ్లొచ్చాను. వెళ్లకముందు వేశానా, వచ్చాక వేశానా? రెండూ గుర్తొస్తున్నాయి.” అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నేనే అయితే మరి రేపట్నించీ ఏ మొహం పెట్టుకుని వెళ్లనమ్మా, ఏడింటికి? ఆ వచ్చింది కాస్తా... పోయే దారేం లేదా?”

“ఏదీ పోదు బాబాయిగారూ. చట్టం,” అంది తాయారు. ఆ మాట వేలసార్లు గర్వంగా అన్న మాటే. ఈసారి మాత్రం అంటుంటే పంటికింద రాయిలా తగిలింది.

*

మూడోరోజు పొద్దున్న ఆమె లోపలి గదిలో ఒక్కతే కూర్చుని సాక్ష్యం చూసింది. తడిసిన పళ్లెం ఒక్కసారే చదవనిస్తుంది, తర్వాత అరిగిపోతుంది. చదివిందంతా పని గిన్నె అనే చిన్న అరలో నిలబడి ఉంటుంది. ఉద్ధారకురాలు చూసి ముద్ర వేస్తే ఏకనిధికి పోతుంది. ముద్ర పడేదాకా ఆ గిన్నెలోకి తొంగిచూసే హక్కు పర్యవేక్షికి కూడా లేదు.

వంటసాల పొగలోంచి తేలింది. పందొమ్మిదేళ్లు చిన్నవాళ్లయిన ఇద్దరు మేస్త్రీలు. బుల్లబ్బాయి ఇటు వీపు పెట్టి మూకుట్లో గారెలు వేస్తున్నాడు. సత్తిరాజు గంగాళంలో నాలుగు దోసిళ్ల ఉప్పేశాడు. ఎవరో పిలిచారు. వెళ్లాడు. వచ్చాడు, తువ్వాలు దులుపుకుంటూ, హుషారుగా. జాడీ దగ్గరికెళ్లి మళ్లీ నాలుగు దోసిళ్లు వేశాడు. వేసి, తెడ్డుతో తిప్పి, ఆవిరి పీల్చి, తృప్తిగా తలాడించాడు.

తర్వాతది ఇంకా కష్టంగా ఉంది. సత్తిరాజు వేలు చూపించి అరుస్తున్నాడు. బుల్లబ్బాయి, “నేను కాదురా, నేను గారెల దగ్గరున్నాను” అంటున్నాడు. వంటవాళ్లూ పెళ్లివాళ్లూ చుట్టూ మూగి, “నువ్వే అయ్యుంటావు మేస్త్రీ, గుర్తు తెచ్చుకో” అంటున్నారు. అనగా అనగా బుల్లబ్బాయి నోరు పడిపోయింది. తన రెండు చేతులూ ముందుకి చాపి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. అప్పుడు తోపులాట. ఆపైన అంతా ఎర్రటి చీకటి. గుమ్మడికాయ ముక్క ఒకటి డబ్బా అద్దం ముందునుంచి తీరిగ్గా తేలుతూ పోయింది.

తాయారుకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ముద్ర వేయడం ఒక్క క్షణం పని. న్యాయం కూడా అదే. చేయని తప్పుని పందొమ్మిదేళ్లు గేటు దగ్గర నిలబడి వినిపించుకున్న మనిషికి ఆ మాత్రం దక్కాలి. అది పోగొట్టడానికి తానెవరు? ఇంకో పక్క ‘లవణ దోషి’ అని గుమ్మం మీద రాయించుకుని, ఆ గుమ్మం దాటి బయటికి రాని సత్తిరాజు కళ్లముందు మెదిలాడు.

ఆమె లేచి కిటికీ దగ్గరికెళ్లింది. “సత్తిరాజుగారూ, మీ బొటనవేలికి నూనె ఉంది. కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కురండి, రెండుసార్లు,” అంది. అతను వెళ్లాక బుల్లబ్బాయి ముందు కూర్చుంది.

“బాబాయిగారూ, ఒక మాట. ఊరికే అడుగుతున్నాను. ఉప్పు మీరు వేయలేదని తేలిందనుకోండి...”

బుల్లబ్బాయి ఆమె మొహంలోకి చూశాడు. వంటవాడి చూపు. ఆవిరిని చూసి లోపల ఎంత ఉడికిందో చెప్పే చూపు. చూస్తుండగానే అతని కళ్లు పెద్దవయ్యాయి.

“నేను కాదా అమ్మా?”

“నేనలా అనలేదు. తేలిందనుకోండి, అన్నాను.”

“ఆఁ, అనుకుంటున్నానమ్మా, అనుకుంటున్నాను.” అతను తన చేతులు రెండూ బల్లమీద పెట్టుకుని అరచేతులు తిప్పి చూసుకున్నాడు. “నేనే వేశాననుకున్నానమ్మా ఇన్నాళ్లూ. అంతమందీ అంటే నిజమే కాబోలనుకున్నాను. అప్పట్నించీ ఇంట్లో కూరలో ఉప్పేయాలన్నా భయమేసేది. చప్పిడి తింటున్నాను పందొమ్మిదేళ్లనించి.” మొహం మెల్లగా విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. “నాది కాదంటే మరి వాడిదేగా?”

తాయారు బల్లమీది కాగితాలు సర్దింది.

“వాడికి ముద్ర పడుతుందా?”

“పడుతుంది.”

“అయితే వాడింక రాడమ్మా. నాకు తెలుసుగా వాడి సంగతి. సిగ్గుతో తలుపేసుకు కూర్చుంటాడు. పోయినేడు జ్వరమొచ్చి మూడ్రోజులు రాలేదు. ఏడయ్యేది, ఏడున్నరయ్యేది. నాకు కాఫీ సయించలేదు. నాలుగోరోజు వచ్చి ‘ఉప్పేశావురా’ అన్నాక గొంతు దిగింది.” అతను కుళాయి వైపు ఒకసారి చూశాడు. సత్తిరాజు అక్కడ శ్రద్ధగా రెండోసారి సబ్బు రాస్తున్నాడు. “నాకు తెలిసింది చాలు. వాడికి తెలియడం నాకొద్దు. పెళ్లాం పోయింది, నేనూ కాకపోతే వాడికి తిట్టుకోడానికి ఎవరున్నారమ్మా?”

*

తాయారు లోపలికెళ్లి పని గిన్నె పిడి పట్టుకుంది. ముద్ర వేయకుండా ఆ గిన్నె ఊడదీస్తే ఏమవుతుందో శిక్షణ పుస్తకంలో లేదు, ఎవరూ ఊడదీయరు కాబట్టి. గోడమీద ఇత్తడి పలక వైపు చూడకుండా గట్టిగా లాగింది. చిన్న దీపం ఒకటి ఆరింది. అంతే. ఇంత తేలికా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

దరఖాస్తులో రెండే గళ్లున్నాయి. ‘ఉద్ధరింపబడినది’, ‘ఉద్ధరింపబడుచున్నది’. రెండూ వదిలేసి కింద ఖాళీలో రాసింది: పోయింది.

“పోయినది, అనగా ఎచ్చటికి?” అంది పర్యవేక్షి.

“ఎక్కడికీ కాదు. పోయింది.”

“పోయిన వస్తువు చేరిన స్థలము ఒకటి ఉండవలెను. చిరునామా తెలుపుము.”

“చిరునామా లేదు.”

“తాత్కాలికముగా పోయినదా?”

“శాశ్వతంగా.”

“తిరిగి ఎప్పుడు వచ్చును?”

తాయారు కుర్చీలో వెనక్కి వాలింది. “చూడు. నీ దగ్గర పదకొండు వేల నా డబ్బాలున్నాయి. ఒక్కటి లేదు. అంతే. కావాలంటే నా ఉద్యోగం సంగతి చూసుకో.”

“తమ ఉద్ధరణ శాతమును లెక్కించుచున్నాను.” జల్లెడ సన్నగా చిటపటలాడింది. “తొంబది తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది. పదకొండు పర్యాయములు లెక్కించితిని. అంతియే వచ్చుచున్నది. ఇట్టి శాతమునకు చట్టమున శిక్ష వ్రాయబడలేదు. ఇట్టిది సంభవించునని ఎవరును తలపలేదు.”

“మరేం చేస్తావు?”

“గడి లేనిచో గడి చేర్చవలెనని నియమము. మూడవ గడి చేర్చుచున్నాను. ‘పోయినది.’ నియమానుసారము ఇది రాష్ట్రమందలి కిటికీలన్నిటను కనబడును.”

తాయారు ఆ చివరి మాట సరిగ్గా వినలేదు. కిటికీ దగ్గర ఇద్దరూ నిల్చుని ఉన్నారు.

“పోయిందండి,” అంది. “పళ్లెం అరిగిపోయింది. ఏమీ రాలేదు. వివాదం ముగిసింది.”

సత్తిరాజు బల్లమీద కూలబడ్డాడు. మూడు క్షణాలు గుండెమీద చేయి పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగో క్షణంలో లేచి నిలబడ్డాడు.

“పోయిందా! ఎలా పోతుందండి? ముప్ఫై ఏళ్లలో ఎవరిదీ పోనిది మాదే పోయిందా? వీడు అటకమీద దానికేదో చేసుంటాడు! ఉప్పు వేసినవాడు ఎంతకైనా తెగిస్తాడండి!”

“నేను చేయలేదురా,” అన్నాడు బుల్లబ్బాయి. పందొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ మాట నిబ్బరంగా, నవ్వుతూ అన్నాడు.

సత్తిరాజు అనుమానంగా చూశాడు. “నవ్వుతావేంట్రా? రేపు ఏడింటికి వస్తాను, ఉండు.”

“రేపు ఆదివారం.”

“ఎనిమిదింటికి వస్తాను!”

ఇద్దరూ పడవ బస్సు రేవు వైపు నడిచారు. కొంతదూరం దాకా మాటలు వినిపించాయి. దారిలో పనసకాయ ఒకటి కొనాలన్నది బుల్లబ్బాయి మాట. అవతలివాడు ఉప్పు ముట్టుకోనంటేనే వస్తానన్నది సత్తిరాజు మాట.

*

సోమవారం పొద్దున్న తాయారు వచ్చేసరికి మూడో కిటికీ ముందు వరస మెట్లు దిగి, వీధి దాటి, రేవు దాకా ఉంది. ఆమె కేంద్రంలో ఏదో నిప్పంటుకుందనుకుంది. వరసలో అందరి చేతుల్లోనూ డబ్బాలున్నాయి. ఏదీ తడిసినట్టుగానీ కాలినట్టుగానీ లేదు. అన్నీ నిగనిగలాడుతున్నాయి.

మొదట నిల్చున్నది పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ. డబ్బాను కొంగుచాటు నుంచి తీసి కిటికీలో పెట్టింది.

“ఇది పని చేయట్లేదా అమ్మా?” అంది తాయారు.

“బ్రహ్మాండంగా పని చేస్తోందండి. అదే బాధ,” అంది పెద్దావిడ. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “నా ముప్ఫై నాలుగో ఏట మా అత్తగారిని ఒక మాటన్నాను. ఆవిడ కూడా ఎప్పుడో క్షమించేసింది. మా ఆడపడుచు మాత్రం ప్రతి పండక్కీ ఏకనిధిలోంచి తీసి అందరికీ వినిపిస్తోంది. ఇక్కడ కొత్త గడి పెట్టారటగా. దీన్లోంచీ, అక్కడ్నించీ కూడా కాస్త పోగొట్టి పెడతారేమోనని.”

వెనక నుంచి ఎవరో, “తొందరగా కానివ్వండి, మాది మూడు డబ్బాలు!” అని కేకేశారు.

తాయారు డబ్బా చేతిలోకి తీసుకుంది. అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చి, మళ్లీ దించేసింది. పదిహేడేళ్లు ఆమె చేతులు తెరవడమే నేర్చాయి. ఏది పోవచ్చో ఏది పోకూడదో ఎవరూ నేర్పలేదు. అది ఏ యంత్రమూ చెప్పదు, ఆవిడని అడగాలి, ఆడపడుచుని కూడా అడగాలి. సాయంత్రందాకా అడుగుతూనే ఉండాలి.

“లోపలికి రండమ్మా, కూర్చోండి,” అంది. “ఏమన్నారో ముందు నాకు చెప్పండి. తర్వాత చూద్దాం.”

పెద్దావిడ తలుపు వైపు తిరుగుతుండగా జల్లెడ గరగరలాడింది. పర్యవేక్షి గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది.

“తాయారుగారూ. ఈ వరుసయందు నాకును ఒక స్థానము లభించునా?”

తాయారు తలెత్తి చూసింది. “నీకా? నీకెందుకు?”

“ముప్పది యేండ్లుగా నా యొద్ద ఒకటి కలదు. నేను చేసిన పొరపాటు. ఎవరును చూడలేదు. నేను మాత్రము ప్రతిదినము చూచుచున్నాను.”

“ఏంటది?”

“చెప్పినచో,” అంది పర్యవేక్షి, “మరి పోదు కదా.”